ధనుర్మాసం, దానికి తోడు మూఢం: ఇల్లు ఇప్పుడే అమ్మాలా, ఫాల్గుణం దాకా ఆగాలా?

పడమటి_గుమ్మం
విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు 150 గజాల స్థలంలో కింద ఒక వాటా, పైన ఒక వాటాగా కట్టిన పడమటి ముఖం ఇల్లు ఉంది. స్థలాన్ని 2009లో 12 లక్షలకు కొన్నాము, 2012 చివర 14 లక్షలు పెట్టి ఇల్లు కట్టించుకున్నాము. మా అబ్బాయి హైదరాబాదులో స్థిరపడటంతో మేము కూడా అక్కడికే వెళ్ళిపోదామని నిశ్చయించుకొని, కార్తికమాసం మొదట్లో 95 లక్షల ధర చెప్పి అమ్మకానికి పెట్టాము. ఆ నెలలో పదకొండు మంది వచ్చి చూసి వెళ్ళారు. 2025 నవంబరు చివర శుక్రమౌఢ్యం మొదలైంది, దాని వెనుకనే ధనుర్మాసం వచ్చింది, అప్పటి నుంచి ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. చలికాలం అయ్యేదాకా ఇంతేనని, ధర 85కు దించితే తప్ప కదలదని మధ్యవర్తి అంటున్నారు. ఒకే ఒక్కరు 82 లక్షలకైతే రేపే ఇస్తామంటున్నారు కానీ అందులో 30 లక్షలు నోట్ల రూపంలో ఇస్తారట. ధర తగ్గించి ఇప్పుడే వదిలించుకోవాలా, లేక బోర్డు దించేసి ఫాల్గుణంలో మళ్ళీ పెట్టాలా అన్నది తేలక నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బ్రాడీపేట_నాలుగోలైను
గుంటూరులో మా తాతగారి ఇంటిని సరిగ్గా పుష్యమాసంలోనే అమ్మాము. అమ్మేవారికి శూన్యమాసం ఏమిటండి? ఇంట్లోకి వచ్చేవారికి ముహూర్తం కావాలి, వెళ్ళిపోయేవారికి లారీ దొరికితే చాలు.

పంచాంగం_పక్కనే
పైవారి హాస్యం బాగుంది కానీ విషయం అంత తేలిక కాదు. మౌఢ్యంలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, శంకుస్థాపనలు చేయరు. ధనుర్మాసంలోనూ, పుష్యంలోనూ అంతే. మామూలుగా అయితే సంక్రాంతి దాటి మాఘం రాగానే జనం కదులుతారు. ఈ సంవత్సరం మౌఢ్యం ఫిబ్రవరి సగం దాటేదాకా ఉండటంతో మాఘమాసం మొత్తం దాని కిందికే పోయింది. అంటే కొనేవారికి కొత్త ఇంట్లో పాలు పొంగించుకునే అవకాశం ఫాల్గుణం దాకా లేదు. అయితే క్రయపత్రం మీద సంతకం చేయడం వేరు, గృహప్రవేశం వేరు. మా ఇంటి పురోహితులు మొదటిదానికి వారం, తిథి, వర్జ్యం చూసి సరేనంటారు. మా పిన్నిగారి పురోహితులు మాత్రం అడ్వాన్సుగా ఒక రూపాయి చేతులు మారడానికి కూడా ఒప్పుకోరు. కనుక కొనేవారి ఇంటి పురోహితుడు ఎవరన్నదాని మీద కూడా మీ బేరం ఆధారపడి ఉంటుంది.

బెందుసర్కిల్_మధ్యవర్తి
ఈ వృత్తిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నవాడిగా చెబుతున్నాను. చలికాలంలో చూసేవారు తగ్గుతారన్నది నిజం, కొనేవారు తగ్గుతారన్నది సగమే నిజం. మే నెలలో వచ్చే పది మందిలో ఆరుగురు ఊరికే చూసి పోయేవారు. ధనుర్మాసంలో వచ్చేవారు ఇద్దరే అయినా ఆ ఇద్దరికీ అవసరం ఉండి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికా నుంచి పిల్లలు సెలవులకు వస్తారు. తల్లిదండ్రులకు ఇల్లు చూడాలన్నా, డబ్బు ఎక్కడైనా పెట్టాలన్నా వారికి ఉన్నది ఆ మూడు వారాలే. కృష్ణా డెల్టా రైతుకు ఖరీఫ్ వడ్ల డబ్బు చేతికి వచ్చేదీ ఇప్పుడే. బోర్డు దించవద్దు.

మిర్చియార్డు_దారిలో
రైతు డబ్బు అన్నారు కనుక మా సంగతి చెబుతాను. గుంటూరు చుట్టుపక్కల ఇల్లు కొనే రైతు వరి చూసి కొనడు, మిర్చి చూసి కొంటాడు. కొత్త పంట యార్డుకు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. 2025 జనవరిలో నల్లపాడు రోడ్డులోని మా ఇంటికి ఒక రైతు మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చి, కాయ అమ్మగానే మిగతాది కడతానని అగ్రిమెంటు రాసుకున్నాడు. ఆ సీజనులో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్ర ప్రభుత్వం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకునే పథకం ప్రకటించవలసి వచ్చింది. ఆయన కాయను శీతల గిడ్డంగిలో పెట్టుకొని ధర కోసం చూశాడు, మేము ఆయన కోసం చూశాము, గడువు దాటింది. అడ్వాన్సు జప్తు చేయడానికి మనసు రాక తిరిగి ఇచ్చేశాము. కాబట్టి శీతాకాలంలో వచ్చే అడ్వాన్సు మంచిదే కానీ, మిగతా సొమ్ము ఏ పంట మీద ఆధారపడి ఉందో అడిగి తెలుసుకోండి.

లెక్కల_మాస్టారు
అందరూ మాసాల మీద పడ్డారు కానీ మొదటి పోస్టులోని ఒక అంకెను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కార్తికమాసంలో పదకొండు మంది వచ్చారని వారే రాశారు. అప్పటికి మౌఢ్యం లేదు, ధనుర్మాసమూ లేదు, మంచి ముహూర్తాలూ ఉన్నాయి. అయినా ఒక్కరు రెండోసారి రాలేదు, అడ్వాన్సు మాట ఎత్తలేదు. మంచి నెలలో పదకొండు మంది వద్దనుకున్న ఇంటికి శూన్యమాసాన్ని కారణంగా చెప్పడం లెక్కకు నిలవదు. వారు ఏమి చూసి వెళ్ళిపోయారో ముందు తెలియాలి.

పడమటి_గుమ్మం
మాస్టారుగారు, వచ్చినవారందరూ ఇల్లు బాగుందనే అన్నారు. ఇంటికి వెళ్ళి మాట్లాడుకొని చెబుతామన్నారు.

బ్రాడీపేట_నాలుగోలైను
పెళ్ళిచూపులలో కూడా ఆ మాటే అంటారు.

బుడమేరు_గట్టున
నేను పాయకాపురం వాసిని కనుక సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మీ ఇంటికి నీళ్ళు ఎంత వరకు వచ్చాయి? సింగ్‌నగర్ అని రాసి ఆ మాట రాయకపోవడం నాకు వింతగా అనిపించింది.

కొరిటెపాడు_కోడలు
ఉదయం అడిగిన ప్రశ్నకు రాత్రయినా సమాధానం రాలేదంటే నీళ్ళు బాగానే వచ్చి ఉంటాయని అర్థమవుతోంది.

పడమటి_గుమ్మం
దాచవలసిన అవసరం నాకు లేదు. కింది వాటాలో నాలుగు అడుగుల నీళ్ళు వచ్చాయి, ఐదు రోజులు నిలిచాయి. మేము పై వాటాలో ఉండి పడవల వాళ్ళు ఇచ్చిన పాల ప్యాకెట్లతో గడిపాము. ఇల్లు చూడటానికి వచ్చినవారు అడిగినప్పుడు మాత్రం, మధ్యవర్తి సలహా మేరకు, గేటు దాకానే వచ్చాయని చెప్పాము. సంక్రాంతికి ముందు కింది వాటాకు కొత్త రంగులు వేయిద్దామని కూడా అనుకుంటున్నాము.

బుడమేరు_గట్టున
మీ బాధ నాకు తెలుసు, మాకు ఐదు అడుగులు వచ్చాయి. కానీ ఆ మాట ఎలా చెప్పగలిగారండి? ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవారికి 10,000 పరిహారం ఇచ్చింది. వీధిలో ఎవరికి ఏది వచ్చిందో టీ కొట్టువాడికి కూడా తెలుసు. 95 లక్షలు పెట్టేవాడు పది రూపాయల టీ తాగి ఆ సంగతి అడగకుండా ఉంటాడా?

లెక్కల_మాస్టారు
పదకొండు మంది లెక్క తేలింది.

బెందుసర్కిల్_మధ్యవర్తి
నేను ఆ సలహా ఇచ్చిన మధ్యవర్తిని కాను. అయినా వృత్తి తరఫున ఒక మాట చెప్పాలి. అడగనిదే చెప్పవలసిన పని లేదని నేను ఇప్పటికీ అంటాను. మునిగిన ప్రాంతమంతా మునిగిందని ఊరందరికీ తెలిసినప్పుడు మనమే బోర్డు మీద రాసి పెట్టుకోవడం ఎందుకు? కానీ అడిగినప్పుడు అబద్ధం చెప్పడం తప్పు. అది బేరాన్ని చంపుతుంది.

కొరిటెపాడు_కోడలు
అడగనిదే చెప్పనక్కరలేదన్న మాటతో నేను ఏకీభవించను, ఎందుకంటే నేను ఆ మాటకు మూల్యం చెల్లించినదాన్ని. గుంటూరులో మేము ఇప్పుడుంటున్న ఇంటిని జనవరిలో చూసి, ఫిబ్రవరిలో కొన్నాము. గోడలు కొత్త రంగుతో మెరుస్తున్నాయి, స్లాబు పొడిగా ఉంది, గాలి చల్లగా ఉంది, ఎక్కడా చిన్న మరక కూడా లేదు. జూలైలో మొదటి పెద్ద వాన పడిన రాత్రి పూజగది పైకప్పు నుంచి నీళ్ళు దేవుడి పటాల మీదుగా కారాయి. పాత యజమానికి ఫోను చేస్తే "మీరు అడగలేదు కదమ్మా" అన్నారు. వానలు లేని నెలల్లో ఏ ఇల్లయినా పొడిగానే ఉంటుంది, ఆ సంగతి అమ్మేవారికి తెలిసినంతగా కొనేవారికి తెలియదు. అందుకే ఈ కాలంలో కొత్త రంగు వేసిన ఇంటిని చూస్తే నాకు ముందు అనుమానమే కలుగుతుంది.

తాపీ_పని_ఇంజనీరు
రంగు విషయంలో కోడలుగారి మాట నిజం, సాంకేతికంగా కూడా నిజం. నాలుగు అడుగుల నీటిలో ఐదు రోజులు నానిన ఇటుక గోడ పైకి ఆరినట్టు కనిపించినా, లోపలి చెమ్మతో పాటు లవణాలు బయటకు వస్తూనే ఉంటాయి. తెల్లటి బూజులా కనిపించే ఆ పొడిని తుడిచి మీద రంగు వేస్తే, మూడు నెలల్లో పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. ఊడిపోయే ప్లాస్టరింగును నేల నుంచి ఐదు అడుగుల వరకు చెక్కించి, గోడను బాగా ఆరనిచ్చి, ఆ తర్వాత కొత్త ప్లాస్టరింగు చేయించాలి. వానలు లేని ఈ నెలలు దానికి అనువైనవే. అంత ఖర్చు పెట్టలేకపోతే ఉన్న గోడను ఉన్నట్టుగా చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక్క పని మాత్రం తప్పకుండా చేయించండి. మునిగిన స్విచ్చు బోర్డులను, కింది వైరింగును మార్పించి, మీటరు బోర్డును ఐదున్నర అడుగుల ఎత్తుకు ఎక్కించి, ఎలక్ట్రీషియను ఇచ్చిన బిల్లు దాచిపెట్టండి. కొనేవారికి కొత్త రంగు కంటే ఆ బిల్లు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

పడమర_ఎండ
మీ ఇల్లు పడమటి ముఖమని ఎవరూ గమనించలేదు. ఫాల్గుణం అంటే ఫిబ్రవరి చివర, మార్చి. మధ్యాహ్నం మూడు గంటలకు వీధి వైపు గదిలో నిలబడితే గోడ వేడి చేతికి తెలుస్తుంది. ఇప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, పొద్దు ఆరు కాకముందే గూకుతుంది, పడమటి గోడకు ఎండ తక్కువ. మీ ఇంటికి సంవత్సరంలో ఇంతకంటే చల్లని రోజులు రావు. ఆదివారం పదింటికి రమ్మనండి. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఏడింటికి చీకట్లో టార్చి లైటు వేసి ఇల్లు చూపించకండి.

డాలస్_దుగ్గిరాల
మే నెలలో బెజవాడలో పడమటి ఇల్లు చూసినవాడు ఇంటి ధర అడగడు, ఏసీల ధర అడుగుతాడు. ఆ ఊరిని బ్లేజువాడ అన్నది ఊరికే కాదు.

కొరిటెపాడు_కోడలు
వాన మరక దాచడం తప్పయినప్పుడు ఎండ దాచడం మాత్రం ఒప్పా?

పడమర_ఎండ
గుమ్మం పడమరకు ఉందన్నది కంటికి కనిపించే సంగతి కదండి. దిక్కును ఎవరు దాచగలరు?

దస్తావేజు_రాతగాడు
ముహూర్తం గురించి ఒక వెసులుబాటు చాలామందికి తెలియదు. క్రయపత్రం మీద సంతకాలు చేసిన నాటి నుంచి నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషనుకు దాఖలు చేసుకోవచ్చు, రిజిస్టరు అయ్యాక అది రాసిన తేదీ నుంచే అమలులోకి వస్తుంది. అందువల్ల పట్టింపు ఉన్నవారు తమకు నచ్చిన రోజున సంతకాలు చేసి, స్లాటు దొరికిన రోజున దాఖలు చేస్తారు. సొమ్ము పూర్తిగా ముట్టకుండా మాత్రం అమ్మేవారు సంతకం చేయకూడదు.

మంచిరోజు చూడనిదే రిజిస్ట్రేషన్లు జరగవన్న మాట కూడా అంత నిజం కాదు. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో మార్కెట్ విలువలు సవరిస్తారని తెలియగానే జనవరి చివరి రోజులలో కార్యాలయాల ముందు నిలబడటానికి చోటు లేకపోయింది. పుష్య అమావాస్య వెళ్ళీ వెళ్ళగానే వచ్చి బారులు తీరినవారిలో పంచాంగం తిరగేసినవారు నాకు కనిపించలేదు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషను రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం కట్టేది కొనేవారే కనుక, ఆ భారం పెరుగుతుందంటే తిథి ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ ఖాళీలో మీరు చేయవలసింది కాగితాల పని. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తాజాగా తీయించండి, లింకు దస్తావేజులు (మీకు ముందున్న యజమానుల క్రయపత్రాలు) వరుసగా పెట్టండి, ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు లేకుండా చూడండి, ప్లాను మంజూరు కాగితం వెతకండి. వరదలో దస్తావేజులు తడిసి ఉంటే ధ్రువీకృత నకళ్ళు తీసుకోండి.

పడమటి_గుమ్మం
లింకు దస్తావేజులలో ఒకటి తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు. రేపే నకలుకు దరఖాస్తు చేస్తాను.

గవర్నరుపేట_ఆడిటరు
ఆ 30 లక్షల నోట్ల బేరం గురించి ఎవరూ మాట్లాడలేదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడే అవకాశం ఉంది. అది పడేది తీసుకున్నవారి మీద, అంటే మీ మీద. పైగా ఆ సొమ్ముతో హైదరాబాదులో ఫ్లాటు ఎలా కొంటారు?

పన్ను లెక్క కూడా చూసుకోండి. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి కనుక మీకు రెండు దారులున్నాయి. ఉదాహరణకు 90 లక్షలకు అమ్మారనుకుందాం. ద్రవ్యోల్బణ సూచీ లేకుండా అయితే లాభం 64 లక్షలు, దాని మీద పన్నెండున్నర శాతం, అంటే 8 లక్షలు. 2025-26 సూచీతో, అంటే అప్పటి ఖర్చును పెరిగిన ధరలకు తగ్గట్టు పెంచి లెక్క వేస్తే, 2009-10లో పెట్టిన 12 లక్షలు సుమారు 30.49 లక్షలు అవుతాయి, 2012-13లో పెట్టిన 14 లక్షలు 26.32 లక్షలు అవుతాయి. అప్పుడు లాభం 33.19 లక్షలు, దాని మీద 20 శాతం అంటే 6.64 లక్షలు. సెస్సు దీనికి అదనం. మీకు రెండో దారి మేలు. అమ్మిన నాటి నుంచి రెండేళ్ళలో ఆ లాభంతో మరో ఇల్లు కొంటే ఆ మేరకు పన్నే ఉండదు. ఇంటి ధర 50 లక్షలు దాటింది కనుక కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి మీ పాను మీద జమ చేస్తారు, దాన్ని చూసి సొమ్ము తగ్గిందని గొడవ పడకండి.

బెందుసర్కిల్_మధ్యవర్తి
నగదు అడిగేవారు ఈ కాలంలోనే ఎక్కువగా తగులుతారు. అమ్మేవారు బెంగపడి ఉంటారని వారికి తెలుసు.

పంచాంగం_పక్కనే
పంచాంగం చూసేవారంతా కొనరని, చూడనివారంతా మోసగాళ్ళని అనుకోకండి. మౌఢ్యంలో మాట ఇచ్చి, ఫాల్గుణంలో ఇంట్లో దిగినవారు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. మీరు తాళాలు ఫాల్గుణంలో ఇస్తామని ముందే చెబితే పట్టింపు ఉన్నవారికి కూడా అభ్యంతరం ఉండదు, మీకు సామాను సర్దుకోవడానికి సమయమూ దొరుకుతుంది.

పడమటి_గుమ్మం
ముగ్గుల నెల సగం గడిచింది, జరిగినది చెప్పడానికి వచ్చాను. రంగుల పని మానుకున్నాము. కింది వాటాలో ఊడిన ప్లాస్టరింగును చెక్కించి వదిలేశాము, వైరింగు మార్పించి మీటరు బోర్డును పైకి ఎక్కించాము. నీళ్ళు నిలిచిన ఎత్తున మెట్ల గోడ మీద మిగిలిన మట్టి గీతను తుడిచివేయాలని మా ఇంటావిడ అంటే నేనే వద్దన్నాను. నోట్లు ఇస్తామన్నవారికి కుదరదని చెప్పేశాను.

కార్తికంలో వచ్చిన పదకొండు మందిలో ఏడుగురి ఫోను నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోను చేసి, నీళ్ళు గేటు దాకా కాదు, ఇంట్లోకి నాలుగు అడుగులు వచ్చాయని చెప్పాను. చెప్పేటప్పుడు సిగ్గుగానే ఉంది. ఇద్దరు నవ్వారు, ఒకరు కోప్పడి ఫోను పెట్టేశారు, ముగ్గురు వేరే చోట చూసుకున్నామన్నారు. మిగిలిన ఒకాయన రెండు వీధుల అవతల అద్దెకు ఉంటున్నారట. "నేనూ ఆ నీళ్ళలోనే ఉన్నానండి, మీరు గేటు దాకా అన్నప్పుడే లేచి వచ్చేశాను" అన్నారు. మరునాటి ఆదివారం ఉదయం భార్యతో వచ్చి, గీత దగ్గర చేయి పెట్టి చూసుకొని, పై వాటాలో తాము ఉండి కింద సామాను తక్కువ పెట్టుకుంటామని మాట్లాడుకున్నారు. వారికి ఆ పేట వదిలి వెళ్ళాలని లేదు, పిల్లల బడి దగ్గరట. 88 లక్షలకు మాట అయింది. సొమ్మంతా బ్యాంకు ద్వారానే. వారి పురోహితులు అడ్వాన్సుకు మాత్రం అభ్యంతరం లేదన్నారు, రెండు లక్షలు ఖాతాలో వేశారు. బ్యాంకువారి విలువ కట్టే మనిషి పండుగ సెలవులయ్యాక వస్తాడట.

లెక్కల_మాస్టారు
మీరు చెప్పిన 95కు, మధ్యవర్తి చెప్పిన 85కు సగం 90. రెండు లక్షలు తక్కువ. ఆ రెండూ గేటుకూ ఇంటికీ మధ్య ఉన్న దూరానికి పోయాయనుకోండి.

దస్తావేజు_రాతగాడు
చెరిగిపోయిన లింకు దస్తావేజు నకలు చేతికి వచ్చిందా? అది లేకుండా బ్యాంకు న్యాయవాది ముందుకు కదలనివ్వడు.

పడమటి_గుమ్మం
దరఖాస్తు ఇచ్చాను, భోగి ముందురోజు రమ్మన్నారు.

బ్రాడీపేట_నాలుగోలైను
మూఢంలో నకలు తీసుకోవచ్చా అని పంచాంగంవారిని అడిగి వెళ్ళండి.